ఉత్త చెయ్యి

మా గురువు చెన్నకేశవులు, ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. బండలాగుడు పోటీలకు ఎద్దులను సాకడం, తోలడం మాకందరికీ ఆయన దగ్గర అబ్బిన విద్యే. ఆయన తర్వాత ఆ పని తెలిసినవాడు మా వైపు పుట్టలేదు, ఎవరేమనుకున్నా సరే.

ముల్లుకర్రతో పొడవకూడదు, తోక మెలిపెట్టకూడదు అన్న చట్టాన్ని గట్టిగా అమల్లో పెట్టిన ఏడు, తిరునాళ్ళ బరి దగ్గర ఓబులేసు ఆయన్ను అడిగాడు. వాడూ ఆయన శిష్యుడే. ఆ ఏడు వాడి జతే గెలుస్తుందని ఊరంతా అనుకుంటున్నారు. వాడి మీసం అయితే అప్పటికే గెలిచింది.

"గురువుగారూ, ఎద్దుకు చట్టం తెలుసా? ఇంటి దగ్గర సాధన చేయించేటప్పుడు నాలుగు పోట్లు పొడిస్తే ఎవడు చూడొచ్చాడు? బరిలో కర్ర పట్టకపోతే చాలదా?"

ఏ జత బరిలోకి దిగాలో తేల్చే పెద్ద గురువే. పశువుల డాక్టరు వచ్చి ఓబులేసు ఎద్దులను తడిమి చూశాడు. పాత గాయాలు మానిపోయాయి, పైన పసుపు దట్టంగా పూసి ఉంది. సరేనని తలూపి వెళ్ళాడు. అప్పుడు లేచాడు గురువు.

"కాడి కట్టరా. బండ తగిలించొద్దు. వెనక నిలబడి ఉత్త చెయ్యి పైకెత్తు."

ఓబులేసు నవ్వుతూ ఎత్తాడు. చేతిలో పుల్ల కూడా లేదు. ఎడమ ఎద్దు వెనక్కి చూసింది. చూసిందో లేదో, తొడల మీద చర్మం జలదరించి, వెనక కాళ్ళు కుంగి, నిలబడ్డచోటే ఉచ్చ పోసుకుంది. రెండోది కాడినీ దాన్నీ ఈడ్చుకుంటూ జనం మీదికి పోబోతే మేం పడి ఆపాం.

"ఏం ఓబులేసన్నా, నీ ఎద్దుకు చలిజ్వరమా?" అన్నాడు గుంపులో ఎవడో.

గురువు తన చేత్తోనే కాడి విప్పాడు. "తోలుకుపో. ఈ జత దిగదు."

ఏడాదిగా పెట్టుకున్న ఆశ అది. ఓబులేసు మొహం మాడిపోయింది. "డాక్టరే ఒప్పుకున్నాడు! ఉత్త చెయ్యి ఎత్తితే తప్పని చట్టంలో రాసుందా?" అని అరిచాడు.

ఓబులేసు తరఫువాళ్ళు ఈ సంగతి వేరేగా చెప్పుకుంటారు. చెప్పుకోనీ, వాళ్ళ గడప నేను తొక్కను. గురువు అన్నది పక్కనే నిలబడి నా చెవులతో విన్నాను.

"రాయలేదురా. రాసినవాళ్ళు ఎద్దును అడిగి ఉండరు. నేనడిగాను."