మొలకలబండ కడగని కుండ ఎల్లమ్మ

భాగ్యనగరానికి పడమటి అంచున, అద్దాల మేడల నడుమ, మొలకలబండ అనే వీధి ఉంది. బీరును అక్కడే కాచి అక్కడే పోసే ట్యాప్‌రూములు ఈ వీధిలో నేటికి ఏడు. ఎడమచేతి వైపు మొదటిదానిలో గోధుమ బీరు, దాని ఎదుటిదానిలో వేసవిలో మామిడిపండు రసం కలిపి కాచేది, చివరిదానిలో కాఫీ గింజలు వేసిన నల్లనిది ప్రసిద్ధమని వచ్చి వెళ్లేవారు చెప్పుకుంటారు. ఈ పుస్తకం రాసినవాడికి ఆ రుచులు బొత్తిగా తెలియవని భక్తులు నమ్మగలరు. నమ్మకపోయినా అమ్మవారికి అభ్యంతరం లేదు.

మూడో ట్యాప్‌రూముకూ నాలుగోదానికీ మధ్య నడుమెత్తు బండ ఒకటి, దానిమీద చిన్న గుడి ఉన్నాయి. గర్భగుడిలో విగ్రహం లేదు. పసుపు, కుంకుమ పెట్టి మెడకు వేపమండలు కట్టిన, ఏళ్లుగా కడగక నల్లబడిన మట్టికుండే అమ్మవారు. ఈ తల్లికి అభిషేకం లేదు. తడిగుడ్డతో తుడవడం కూడా నిషిద్ధం. తెలియక బిందెలతో నీళ్లు తెచ్చినవారిని పూజారమ్మ బయటి మొక్కలకు పోయమంటుంది. ఉదయం ఆరు నుంచి పన్నెండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు దర్శనం. మధ్యాహ్నం గుడి మూసే వేళకే ట్యాప్‌రూములు తెరుచుకోవడంలో విశేషార్థమేమీ లేదు.

పూర్వం ఇక్కడ వీధి లేదు, మేడలు లేవు. ఎటు చూసినా బండరాళ్లు, వాటి సందుల్లో జొన్నచేలు. ఆ చేల నడుమ ఒక చిన్న పల్లెలో బుచ్చవ్వ అనే ఇల్లాలు జొన్నకల్లు కాచేది. జొన్నలను రెండు రోజులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఆ మొలకలను బండమీద ఎండబెట్టి, దంచి, పలుచని జావగా కాచి, చల్లారాక కుండలో పోసేది. తెల్లారేసరికి కుండ నురగ కక్కేది. కోత కోసి వచ్చినవాళ్లు ఆ జొన్నకల్లు ఒక ముంతెడు తాగి, ఒళ్లునొప్పులు బండమీదే వదిలేసి ఇళ్లకు పోయేవారట. మొలకలు ఎండిన బండ కాబట్టి దీనికి మొలకలబండ అని పేరు వచ్చింది.

బుచ్చవ్వ కోడలు చిలుకమ్మ. పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. ఈ ఇంటికి వచ్చిన మొదటిరోజే బుచ్చవ్వ ఆమె జుట్టు విప్పి, నూనె పెట్టి, "ఎవలు దువ్వినరే నీకు ఇన్నొద్దులు" అని అడిగింది. ఎవరూ దువ్వలేదని చిలుకమ్మ తల అడ్డంగా ఊపింది. ఆనాటి నుంచి ఆమెకు అత్తగారే తల్లి. అత్తాకోడళ్లు ఒకే కంచంలో తింటున్నారని ఊళ్లో వింతగా చెప్పుకునేవారు. పొరుగింటి అత్తలకైతే ఆ వింత కంట్లో నలుసుగా ఉండేది.

చిలుకమ్మ పుట్టింటివారు తాటిచెట్లు గీసేవారు. గీత ఇంట్లో కుండకు ఏ రోజుకారోజు స్నానం జరగాలి. బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, పొగపెట్టకపోతే తియ్యగా దిగవలసిన కల్లు గంటలోనే పులిసిపోతుంది. తోమని కుండ చెట్టెక్కిస్తే ఆమె తండ్రి ఆరోజు అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. అలా పెరిగిన పిల్ల, మూడేళ్లుగా అత్తగారి కుండను చూస్తూ చేతులు నలుపుకుంటూనే ఉంది. దాని అడుగున వేలెడు మందాన మడ్డి పేరుకుని ఉండేది. బుచ్చవ్వ దాన్ని ఏనాడూ కడిగేది కాదు, కోడలిని తాకనిచ్చేదీ కాదు.

ఒక ఆషాఢంలో బోనాలు తొమ్మిది రోజులున్నాయనగా బుచ్చవ్వకు జ్వరం తగిలింది. చిలుకమ్మ ఇల్లు అలికింది, అరుగులకు ఎర్రమన్ను పూసింది, గిన్నెలన్నీ తోమింది. చివరికి ఆ కుండ ఒక్కటి మిగిలింది. పండుగ ముందు ఇంట్లో ఇంత మురికి ఉండటమా, అత్తమ్మ లేచి చూసి సంతోషించాలి అనుకుంది. మడ్డిని బీరపాదు మొదట్లో పోసి, కుండను మూడుసార్లు తోమి, వేడినీళ్లతో కడిగి, వేపాకు పొగపట్టి, ఎండలో బోర్లించింది. కుండ కొత్తదానిలా ఎర్రగా మెరిసింది. చిలుకమ్మ దాన్ని చూసి మురిసిపోయింది కూడా.

మూడోనాడు జ్వరం దిగి బుచ్చవ్వ వాకిట్లోకి వచ్చింది. కుండను చూసింది. దాన్ని తిరగేసి లోపలి అడుగు తడిమింది.

"మడ్డి ఏడ పోసినవ్ బిడ్డా?"

"బీరపాదుల పోసిన అత్తమ్మా."

బుచ్చవ్వ గోడ పట్టుకుని నడిచివెళ్లి బీరపాదు దగ్గర కూర్చుంది. మూడు రోజుల ఎండకు అక్కడ పొడిమట్టి తప్ప ఏమీ లేదు. ఆ మట్టినే చిటికెడు తీసి అరచేతిలో రాసుకుంది. ఇది తన తల్లి చేతి మడ్డి అని, అమ్మమ్మ కరువుకాలంలో కట్టుబట్టలతో వచ్చినా దీన్ని మాత్రం గిన్నెలో దాచి తెచ్చిందని, జావను కల్లుగా మార్చేది జొన్నలూ కాదు, కుండా కాదు, ఆ మడ్డేనని నెమ్మదిగా చెప్పింది. కోడలిని తిట్టలేదు. తిట్టి ఉంటే చిలుకమ్మకు కొంత నయంగా ఉండేది.

కడిగిన కుండలో జావ పోసి చూశారు. నురగ రాలేదు. రెండోసారి పోస్తే బూజు పట్టి కంపు కొట్టింది. "మా అమ్మ ఇప్పుడు సచ్చిపోయింది" అని బుచ్చవ్వ మంచమెక్కి గోడవైపు తిరిగింది. అన్నం మానేసింది. ఒకే కంచంలో తిన్న మనిషి తినకపోతే చిలుకమ్మకు ముద్ద ఎలా దిగుతుంది? మంచికి పోతే చెడు ఎదురైందని లోకం ఊరికే అనలేదు. దొరికిన ఒక్క తల్లినీ తన చేతులతోనే పోగొట్టుకుంటున్నానని ఆమె కుమిలిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, బండమీద ఆరబోసిన మొలకలను పిట్టలు తినకుండా కాపలా కాస్తూ చిలుకమ్మ కూర్చున్నచోటే కునుకు తీసింది. కలలో పసుపు ముఖంతో, చేతిలో వేపకొమ్మతో ఎల్లమ్మ తల్లి కనిపించి ఆమె పక్కనే చతికిలబడింది. "నీ అత్త చెల్లె ఇంటికి పో. ఒట్టి చేతులతోని పోయి అడుగు" అని మాత్రం చెప్పి, నాలుగు మొలకలు నోట్లో వేసుకుని వెళ్లిపోయింది. చిలుకమ్మ ఉలిక్కిపడి లేచింది. అత్తగారికి చెల్లెలున్నట్టు ఈ మూడేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు.

చిలుకమ్మ పెనిమిటి ఐలయ్యను నిలదీస్తే, ఉన్నదని తలవంచుకుని ఒప్పుకున్నాడు. పేరు రాజవ్వ, ఉండేది బండలకు అవతలి ఊళ్లో. పన్నెండేళ్ల కింద వాళ్ల తల్లి పోయినప్పుడు ఆమె కుండ తనకే చెందాలని అక్కాచెల్లెళ్లిద్దరూ పట్టుబట్టారు. పెద్దదాన్నని బుచ్చవ్వ కుండ తీసుకుంది. చెల్లెలికి చిన్న సొరకాయ బుర్రలో చారెడు మడ్డి పోసి ఇచ్చింది. పాలన్నీ నీకూ, నీళ్ల మజ్జిగ నాకూనా అని రాజవ్వ ఆ బుర్ర పట్టుకుని గడప దాటింది. మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రాజవ్వ పేరెత్తితే బుచ్చవ్వ పొయ్యి ఆర్పేసి లేచిపోయేదట.

చిలుకమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది. రాజవ్వ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె నోటికి ఆ ఊరంతా భయపడేది. వాకిట్లో జొన్నలు చెరుగుతున్న రాజవ్వ, వచ్చింది ఎవరో విని చేట కింద పెట్టకుండానే "మా అక్క పంపిందా?" అని అడిగింది. అవునంటే పని సులువవుతుందని చిలుకమ్మకు తోచింది. కానీ అమ్మవారు ఒట్టి చేతులతో వెళ్లమన్నప్పుడు అబద్ధాన్ని మాత్రం చేతపట్టుకుని వెళ్లడమేమిటి? పంపలేదని, తాను వచ్చినట్టు కూడా అత్తమ్మకు తెలియదని చెప్పి, కుండ కడిగిన సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుని ఏడ్చింది.

రాజవ్వ ఆమెను లోపలికి తీసుకుపోయి తన కుండ చూపించింది. అది నిండా నురగతో ఉంది.

"పన్నెండేండ్లల్ల ఆరు కుండలు పలిగినయ్. ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు మడ్డి మార్సుకుంట వచ్చిన. అమ్మ పలగలే బిడ్డా."

అంత మెత్తగా మాట్లాడిన మనిషి అంతలోనే బిగుసుకుంది. అక్క వచ్చి అడిగితే ఇస్తానని, కోడలి చేతికి ఇవ్వనని తేల్చేసింది. ఆనాడు అడగకుండా చారెడు పోసి పంపింది, ఈనాడు అడిగి తీసుకోనీ అంది. చిలుకమ్మ కాళ్లమీద పడబోతే పడనివ్వలేదు. గటక అనే జొన్నసంకటి కలిపి కడుపునిండా పెట్టింది, పాదాలకు ముళ్లు గుచ్చుకున్నాయని తన చెప్పులు ఇచ్చింది. మడ్డి మాత్రం ఇవ్వలేదు.

ఇంటికి తిరిగివచ్చిన చిలుకమ్మ మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. రాజవ్వ పేరు వినగానే బుచ్చవ్వ భుజాలు కదిలాయి, ముఖం మాత్రం ఇటు తిరగలేదు. ఆరు కుండలు పగిలినా మడ్డి బతికే ఉందని విన్నప్పుడు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. చిలుకమ్మ ఇక చెప్పేదేమీ లేక, అత్తగారి కాళ్లు ఒత్తుతూ ఉండిపోయింది. కొంతసేపటికి గోడవైపు నుంచే, "అది సన్నగయిందా?" అని వినిపించింది. లేదు, నీ లెక్కనే ఉంది అత్తమ్మా, జుట్టు తెల్లబడ్డది అంది చిలుకమ్మ.

మర్నాడు పొద్దెక్కక ముందే బుచ్చవ్వ లేచి, ఎర్రని ఆ ఖాళీ కుండను నెత్తిన పెట్టుకుంది. రెండు రోజులుగా తిండి లేని మనిషి. చిలుకమ్మ కుండ తాను మోస్తానన్నా ఇవ్వలేదు, భుజం పట్టుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. అడుగడుగుకూ ఆగుతూ వాళ్లు ఈ బండ దాకా వచ్చారు. అప్పటికే బండమీద ఒక ముసలామె కూర్చుని ఆయాసపడుతోంది. ఆమె నెత్తిన గుడ్డ చుట్ట, పక్కన నిండు కుండ. అక్క వచ్చి అడగాల్సిందేనని పట్టుబట్టిన రాజవ్వకు రాత్రంతా నిద్రపట్టక, చీకటితోనే తానే బయలుదేరింది.

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు పలకాలో ఇద్దరికీ తెలియలేదు. చిలుకమ్మ అత్తగారి భుజం వదిలి వెనక్కి జరిగింది. పన్నెండేళ్ల పంతం అరనిమిషంలో ఇటో అటో తేలిపోతుంది.

బుచ్చవ్వ ఖాళీ కుండను చెల్లెలి ముందు దించింది.

"కుండ నేను ఉంచుకున్న గని, అమ్మను నువ్వు ఉంచుకున్నవ్. జర ఇయ్యి చెల్లె."

రాజవ్వ లేచి నిలబడింది. తన కుండ ఎత్తి వంచింది. చారెడు కాదు, సగమూ కాదు, అడుగున ఉన్న మడ్డితో సహా చివరి బొట్టు దాకా అక్క కుండలోకి వంపేసింది. ఖాళీ కుండ అడుగు చూసి చిలుకమ్మకు భయం వేసింది. తన వల్ల రాజవ్వ ఇంట కూడా పొయ్యి ఆరిపోతుందేమోనని, కొంచెం ఉంచుకోమని బతిమాలింది.

"నాకెందుకు బిడ్డా? రేపొచ్చి మా అక్కనడుగుత. అడిగేటందుకన్న రానియ్యి నన్ను" అంది రాజవ్వ.

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. ఏడుపు తీరాక రాజవ్వ చిలుకమ్మ తల నిమిరి, ఆ కుండను ఎవరో ఒకరు ఎప్పుడో కడగవలసిందేలే అంది. బుచ్చవ్వ కొంగున కట్టి తెచ్చుకున్న జొన్నరొట్టె మూడు ముక్కలు చేసి, మొదటి ముక్క కోడలి నోట్లో పెట్టింది.

పోదామని లేచి కుండ ఎత్తబోతే అది బండమీది నుంచి కదలలేదు. అమ్మవారు అక్కడే వెలిసిందని పెద్దలంటారు. తిండి లేక ఒకరు, నిద్ర లేక ఒకరు నీరసించిన ముసలివాళ్లకు నిండు కుండ లేస్తుందా అని గిట్టనివాళ్లంటారు. మొత్తానికి కుండ ఇక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ ఈ బండ దగ్గరే కలిసి జొన్నకల్లు కాచి పోశారు. ఈ వీధికి అదే మొదటి ట్యాప్‌రూము. వారి తరువాత చిలుకమ్మ ఆ కుండకు పూజ మొదలుపెట్టింది. నేటి పూజారమ్మ ఆమె వంశంలోనిదే.

ఇప్పటికీ ఈ వీధిలో ఆ ఆచారం నడుస్తోంది. ఆషాఢంలో ఎల్లమ్మ బోనాల ఆదివారం నాడు ఏడు ట్యాప్‌రూములవారూ తమ బీరును పులియబెట్టే మడ్డిని స్టీలు క్యానుల్లో నింపి, చుక్క మిగుల్చుకోకుండా పక్కనో ఎదుటో ఉన్నవారికి ఇచ్చేస్తారు. సోమవారం ఉదయం ఖాళీ క్యాను పట్టుకుని వెళ్లి అడిగి తెచ్చుకుంటారు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు, కావలసిన మడ్డిని డబ్బాల్లో తెప్పించుకోగలవాళ్లు కూడా ఆ ఉదయం వరుసలో నిలబడి అడుగుతారు. అడగందే అమ్మయినా పెట్టదు కదా. అడిగిన వారిని ఎందుకొచ్చావని అనకూడదన్నది నియమం. ఒకప్పుడు కలిసి వ్యాపారం చేసి, తగువుపడి విడిపోయి, ఎదురెదురుగా రెండు ట్యాప్‌రూములు పెట్టుకున్న స్నేహితులు ఉన్నారు. రెండేళ్లు మడ్డి ఇమ్మన్న మాట తప్ప మరో మాట లేకుండా క్యాను ఇచ్చిపుచ్చుకున్నారు. మూడో ఏడు ఒకతను క్యాను అందిస్తూ, తిన్నావా అని అడిగాడు. ఆరోజు ఆ రెండు దుకాణాలూ ఆలస్యంగా తెరుచుకున్నాయి.

మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, స్నేహితులు ఈ తల్లిని దర్శించుకుని ఖాళీ పాత్రతో ఎదుటివారి గడప తొక్కితే పంతాలు కరిగి మేలు జరుగుతుందని భక్తుల విశ్వాసం. దర్శనానికి ఇద్దరూ కలిసి రావడం శ్రేష్ఠం. ఒక్కరే వచ్చినా దోషం లేదు. బండమీద కాసేపు కూర్చోండి, రెండోవారు అప్పటికే దారిలో ఉండవచ్చు.