పిలిస్తే పలకని కప్పలు

ఒకప్పుడు కప్పలకి ఆగడం అంటే ఏంటో తెలీదు. పొద్దున మొదలెడితే పొద్దుగూకేదాకా ఎవరి పాట వాళ్ళదే. ఒకడు అందుకున్నాడు కదా, కాసేపు ఊరుకుందాం అని ఇంకొకడు అనుకోడు. వాన వచ్చినా అరుపే, వాన వెలిసినా అరుపే.

అరుపు సంగతి అలా ఉంచండి. అంతకంటే పెద్ద జబ్బు ఇంకోటి ఉండేది వాటికి. మర్యాద. అందులోనూ గోదారి కప్పలాయె. ఎవరు పిలిచినా "ఆయ్" అనాలి. పిలిస్తే పలక్కపోతే పెంపకం సరిగ్గా లేదంటారని వాటి భయం.

ఈ సంగతి కోరంగి దగ్గర కాలవలో తిరిగే కొంగకి బాగా తెలుసు. అతన్ని అందరూ బారుముక్కు గారు అనేవారు. గారు అనకపోతే ఎలా? తెల్లటి బట్టలు, మెల్లటి నడక, చూడ్డానికి పెద్దమనిషి. సాయంత్రం కాగానే గట్టు దిగి, తుంగలో నిలబడి, తియ్యగా పిలిచేవాడు.

"వీరన్నా, ఉన్నావా నాయనా?"

"ఆయ్, ఇక్కడే ఉన్నానండి," అనేవాడు వీరన్న.

అంతే. ఆ తర్వాత వీరన్న ఉండేవాడు కాదు.

మిగతా కప్పలు ఘొల్లుమని ఏడ్చేవి. ఏడ్చి, మర్నాడు సాయంత్రం పిలుపు వినబడగానే మళ్ళీ ఆయ్ అనేవి. ఇదేం తెలివి అని మీరు అడగొచ్చు. అలవాటుకి తెలివితో పనేముంది చెప్పండి.

ఆ కాలవలోనే చెంగి అని ఒక కప్ప ఉండేది. వాళ్ళమ్మనీ అన్నల్నీ బారుముక్కు గారు అలా పిలిచి పిలిచి మింగేశాడు. ఇక చెంగికి మిగిలింది ఒక్క చెల్లెలు, బుల్లి. బుల్లి ఇంకా తోకకప్ప. కాళ్ళొచ్చి తోక పోయేదాకా కప్పలకి గొంతు రాదు. గొంతు లేనిదాన్ని పిలిచి ఏం లాభం? అందుకని కొంగ రోజూ నీళ్ళలోకి వంగి, "పెరుగు తల్లీ, పెరుగు" అని వెళ్ళిపోయేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా చెంగికి ఒళ్ళు మండిపోయేది. కొంగ లేని నీళ్ళు ఎక్కడున్నాయో వెతికి, బుల్లిని అక్కడికి తీసుకుపోతానని బయల్దేరింది. కోరంగి రేవు చేరేసరికి ఎండకి చర్మం ఎండి అట్టకట్టుకుపోయింది. ఎదురుగా ఒక నీళ్ళకుండ కనబడింది. అందులోకి దూకి, చల్లగా ఉందని కళ్ళు మూసింది. తెరిచేసరికి కుండ ఓడలో ఉంది, ఓడ సముద్రం మీద ఉంది.

గాలి తోసినంత దూరం పోయి పోయి, ఆ ఓడ బాలి అనే దీవిలో ఆగింది.

చెంగి కుండలోంచి గెంతి చూసింది. కొండ పైనుంచి కిందిదాకా మెట్లు మెట్లుగా వరిచేలు. పైమడి తాగాక నీళ్ళు కిందిమడికి జారుతున్నాయి, అక్కడినుంచి ఇంకో మడికి. పైవాడు నీళ్ళు కట్టేసుకోవడం లేదు, కిందివాడు గొడవ పడటం లేదు. ఇదేదో బాగానే ఉందే, బుల్లిని ఇక్కడికే తెచ్చేద్దాం అనుకుంది చెంగి. అంతలో తల తిప్పి చూస్తే, మడి నిండా తెల్లగా కొంగలు.

పాపం, అంత దూరం వచ్చింది. కొంగ లేని నీళ్ళు లోకంలోనే లేవని అప్పుడు తెలిసింది. ఒక ఇంటి గడప దగ్గర, కొబ్బరాకుతో అల్లిన చిన్న బుట్ట కనబడితే, దాంట్లో పూల మీద చతికిలబడి ఏడుపు మొదలెట్టింది.

"లే అమ్మా, లే. అది నీ పీట కాదు," అంది ఒకావిడ. నడుముకి పసుపు గుడ్డ కట్టుకుని, తలమీద ఇంకా బోలెడు బుట్టలున్న పళ్ళెం పెట్టుకుని ఉంది. ఆవిడ పేరు సుకెర్తి. ఆ ఇల్లు ఆవిడదే.

"మరి ఎవరి పీటండి?"

"పైన అరుగు మీద పెట్టినవి దేవుళ్ళకి. ఇలా నేలమీద పెట్టినవి భూతాలకి."

"భూతాలకి కూడా పెడతారాండి?"

"రోజూ పెడతాం. పూలు, నాలుగు మెతుకులు, ఒక అగరొత్తి. ఆకలిగొన్నవాడు ఎవడైతేనేం, వాడి వాటా వాడికి పెట్టాలి కదా."

"మేమూ పెడతామండి, మా ఊళ్ళో కొంగగారికి," అంది చెంగి ముక్కు తుడుచుకుంటూ.

"ఏం పెడతారు?"

"మమ్మల్నేనండి."

సుకెర్తి తలమీద పళ్ళెం దించి కింద పెట్టేసింది. చెంగి చెప్పిందంతా విన్నది. కొంగ పిలుపు, ఆయ్ అనడం, పెరుగుతున్న బుల్లి, అన్నీ. విని, "మెతుకు పెట్టడం వేరు, మెతుకైపోవడం వేరు. రెంటికీ తేడా తెలీకుండా నిన్నెవరు పెంచారే?" అంది. కోప్పడిందే గాని, చెంగిని అరచేతిలో పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

తిరుగు గాలి వచ్చేదాకా ఓడ కదలదు. ఈలోగా చెంగి దీవంతా చూసింది. చూస్తుంటే నోరు తెరుచుకుపోయింది, అసలే పెద్ద నోరు. అక్కడ ఇంటింటికీ ఒక గుడి ఉంది. పెద్ద చెట్లకి నలుపూ తెలుపూ గళ్ళ పంచె చుట్టి ఉంది. వెదురుబుట్ట కింద కూర్చున్న కోడిపుంజుని, "చెట్టుకి పంచె ఎందుకండి?" అని అడిగింది.

"చీకటీ వెలుతురూ రెండూ పక్కపక్కనే ఉంటాయని గుర్తు. నీకెందుకు, చూసి పో," అంది పుంజు. బుట్ట కింద ఉన్నవాళ్ళకి చిరాకెక్కువ.

సుకెర్తి మొగుడు సద్ర. అతను ఊరి చావడిలో వాద్యం వాయిస్తాడు. వరసగా పరిచిన కంచు రేకులు, వాటిని కొట్టడానికి ఒక చిన్న సుత్తి. అతని ఎదురుగా ఇంకొకతను అలాంటిదే పెట్టుకుని కూర్చున్నాడు. మొదలెట్టారు. వానచినుకులు పళ్ళెంలో పడుతున్నట్టు ఎడతెగకుండా పాట. చెంగి ఇతన్ని చూసింది, అతన్ని చూసింది.

"ఇంత జోరుగా కొడుతున్నది మీ ఇద్దరిలో ఎవరండి?"

"ఎవరూ కాదు," అన్నాడు సద్ర. "నేను ఆగిన సందులో అతను కొడతాడు. అతను ఆగిన సందులో నేను కొడతాను. విడివిడిగా వింటే ఇద్దరిదీ సగం సగం పాటే."

చెంగి ఇంకోటి గమనించింది. సద్ర కుడిచేత్తో రేకుని కొడుతున్నాడు, వెంటనే ఎడమచేత్తో ఆ రేకుని పట్టుకుని దాని మోత ఆపుతున్నాడు. లేకపోతే అన్నీ కలిసి గోలైపోతుందట.

"కొట్టడం కోతి కూడా నేర్చుకుంటుంది. నేను చిన్నప్పటినుంచీ నేర్చుకున్నది ఆపడమే," అన్నాడు సద్ర.

ఆ మాట చెంగికి అప్పుడు పెద్దగా ఎక్కలేదు. కప్పలకి మాట ఎక్కాలంటే టైం పడుతుంది.

కొన్నాళ్ళకి ఊరంతా హడావుడి పడింది. వెదురుతో, కాగితంతో పెద్ద పెద్ద భూతాల బొమ్మలు చేశారు. గుడ్లు వెళ్ళుకొచ్చి, కోరలు తన్నుకొచ్చి ఉన్నాయి. సాయంత్రం వాటిని భుజాలమీద ఎత్తుకుని, డప్పులు కొట్టి, వంటింటి గిన్నెలు వాయించి ఊరేగించారు. చెంగి ఎగిరి గంతేసింది. "అచ్చం మా కాలవలాగే ఉందండి," అని తనూ గొంతు కలిపింది.

మర్నాడు తెల్లారింది. ఒక్క చప్పుడు లేదు. పొయ్యి వెలగలేదు, వీధిలో మనిషి లేడు, పొలంలో పారపలుగు లేదు. కుక్కలు కూడా మూలుగు మింగుకుని పడుకున్నాయి. చెంగికి చెవుల్లో ఏదో అయిందేమో అనిపించింది.

"ఏమైందండి అందరికీ?" అని అడిగింది.

"నెమ్మదిగా మాట్లాడు," అంది సుకెర్తి. "నిన్న గోలకి అసలు భూతం లేచుంటాడు. ఇవాళ దీవి మీదికొచ్చి పిలుస్తాడు. ఎవరూ పలకం. ఎవరూ లేరనుకుని పోతాడు."

"పిలిస్తే పలకరా? మరి మర్యాదండి?"

"ఒక ముద్ద రోజూ పెడుతూనే ఉన్నాం, ఆ మర్యాద చాలు. మింగడానికి పిలిచేవాడికి జవాబు కూడా నేనే చెప్పాలా? నా ఇంట్లో నేను ఉన్నానో లేనో వాడికి చెప్పాల్సిన పని నాకు లేదు."

మధ్యాహ్నం వేళ పెరట్లో నీడ పడింది. పైనుంచి గొంతు వినబడింది. భయంకరంగా ఉంటుందనుకుంది చెంగి. లేదు, తేనె పోసినట్టు ఉంది.

"అమ్మా, ఎవరైనా ఉన్నారా తల్లీ?"

ఆ తీపి చెంగికి తెలుసు. అమ్మని పిలిచింది ఆ తీపే. తెలిసి కూడా గొంతు దానంతటదే బుడగలా ఉబ్బింది. ఆయ్ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. సగం బయటికి కూడా వచ్చింది. టక్కున సద్ర ఎడమచెయ్యి చాపి, రేకుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో చెంగి గొంతు పట్టుకున్నాడు.

భూతం ఆగాడు. చెవి వంచాడు. మళ్ళీ పిలిచాడు. బతిమాలాడు. మీ పిల్లలు చక్కటివాళ్ళన్నాడు, మీ చేలు చక్కగా పండాయన్నాడు. ఒక్కరూ కదల్లేదు. పుంజు సైతం ముక్కు రెక్కలో దూర్చుకుంది. అంత పెద్దవాడు అలా ఒంటరిగా అరుచుకుంటుంటే, చెంగికి భయం పోయి జాలీ నవ్వూ వచ్చాయి. పలికేవాడు లేకపోతే పిలిచేవాడు వట్టి గొంతే.

చివరికి భూతం ఖాళీ కడుపుతో సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. సద్ర వేళ్ళు తీశాడు.

"ఇప్పుడు తెలిసిందండి," అంది చెంగి. "నేను ఇంటికి పోవాలి. మా బుల్లికి తోక పోయే రోజులు."

గాలి తిరిగింది. ఈసారి చెంగి కావాలనే కుండలో దూకింది. దారి పొడుగునా, ఆలస్యమైపోయిందేమో అని దిగులు. కోరంగిలో దిగి, ఆగకుండా గెంతి, మధ్యాహ్నానికి కాలవ చేరింది.

బుల్లి తామరాకు మీద కూర్చుని ఉంది. తోక లేదు. నాలుగు కాళ్ళూ చక్కగా వచ్చాయి.

"అక్కా, నాకు పొద్దున్నే గొంతొచ్చింది," అని అరిచింది. "ఎవరో తెల్లబట్టల పెద్దాయన గట్టు మీదినుంచి నా పేరడిగారు. చెప్పేశానక్కా. సాయంత్రం వచ్చి పిలుస్తానన్నారు."

చెంగి ఒక్క క్షణం ఆగలేదు. వెంటనే కాలవలో అందర్నీ పోగేసి, చూసిందంతా చెప్పింది. పిలుస్తాడు, మనం పలకొద్దు అంది.

అందరికంటే పెద్దవాడు గోండ్రు తాత. ఆయనకి కోపం వచ్చింది. "మా తాత పలికాడు, మా నాన్న పలికాడు. ఇప్పుడు మేం నోరు మూసుకుంటే దాక్కున్నారనరూ? పిరికివాళ్ళనరూ?"

"అననీ తాతా. పలికి పలికి మీ నాన్న ఏమయ్యాడు? మా అమ్మ ఏమైంది? ఇది మన కాలవ. ఇందులో మనం ఎక్కడున్నామో వాడికి చెప్పం. ఎందుకు చెప్పాలి? నోరు మూయడానికి ఎంత గుండె కావాలో మీకు తెలీదు. నాకు చేతకాలేదు. ఇంకొకరు నా గొంతు పట్టుకుంటే గాని ఆగలేదు."

తాత గొణుక్కుంటూనే ముందుకొచ్చాడు. చెంగి వాళ్ళని రెండు జట్లు చేసింది. ఈ గట్టువాళ్ళు బెక అనాలి, ఆగాలి. ఆ సందులో ఆ గట్టువాళ్ళు బెక అనాలి, ఆగాలి. మొదట గోలగోలైంది. తర్వాత కాస్త కుదిరింది. ఆగడం రుచి తెలిసింది కప్పలకి.

పొద్దు వాలింది. తుంగలో అలికిడైంది. పాట టక్కున ఆగిపోయింది.

"బుల్లీ, ఉన్నావా తల్లీ?"

బుల్లి అవతలి ఒడ్డున ఉంది. చెంగి ఇవతల ఉంది. గెంతితే చప్పుడు, పిలిస్తే చప్పుడు. బుల్లి గొంతు ఉబ్బడం చెంగికి కనబడుతోంది. పొద్దున వచ్చిన గొంతు, ఎవరైనా పిలిస్తే బాగుణ్ణని ఉవ్విళ్ళూరుతున్న గొంతు. వద్దమ్మా, వద్దమ్మా అని చెంగి లోపల్లోపలే మొక్కుకుంది. బుల్లి కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చినదాన్ని గుటక వేసింది.

"పొద్దున చక్కగా పేరు చెప్పావు కదమ్మా?"

జవాబు లేదు.

"గోండ్రు గారూ, తమరైనా చెప్పండి. పరువుగలవారు తమరు."

ఇది మాత్రం గట్టి దెబ్బే. తాత దవడలు రెండు వైపులా ఉబ్బాయి. ఒక క్షణం అలాగే ఉండి, నెమ్మదిగా తగ్గాయి. తాత పలకలేదు.

"నేను పిలుస్తుంటే పలకరా?" అని అరిచాడు బారుముక్కు. తియ్యదనం పోయి, గొంతు గరగరలాడింది. అతని అసలు గొంతు వినడం కాలవకి అదే మొదలు. అది విన్నాక పలకాలనిపించిన కప్ప ఒక్కటీ లేదు.

కోపంతో బురదలో ముక్కు గుచ్చాడు. బురదే దొరికింది. తెల్లబట్టల నిండా బురద చేసుకుని గట్టెక్కి నడిచాడు. అతను ఇంకా ఎంతో దూరం పోలేదు, వెనకాల అవతలి ఒడ్డున ఒక లేత గొంతు "బెక" అంది. ఇవతలి ఒడ్డున ముసలి గొంతు "బెక" అంది. ఇక కాలవంతా అందుకుంది. బారుముక్కు వెనక్కి తిరిగి ఒక అడుగు వేశాడు. మళ్ళీ నిశ్శబ్దం.

అప్పటినుంచే కప్పలు ఒకదాని సందులో ఒకటి పాడతాయి. అప్పటినుంచే, మీరు వానాకాలంలో చేను గట్టు మీద నడుస్తుంటే, అంతదాకా హోరెత్తిస్తున్న కప్పలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నేను కొంగని కాదు, మంచివాణ్ణి అని చెప్పి చూడండి. పేరు పెట్టి పిలిచి చూడండి. పలకవు. మీరు వెళ్ళిపోయాక, మీ వీపు వెనకాల మొదలెడతాయి.