మిన్నల్లుల మీద దండయాత్ర

వెనకటికి ఓ రాజ్యాన్ని, దాని పేరెందుకు గానీ, ఉద్దండవర్మ అనే మహారాజు ఏలేవాడు. ఆయనకి వేటకుక్కలంటే పంచప్రాణాలు. అవి అంతఃపురంలో పట్టుపరుపుల మీద పొర్లేవి. వాటికి స్నానం చేయిద్దామని ఎవరైనా నోరెత్తితే, "నా కుక్కల్ని ముట్టుకునేంత మొనగాడివా?" అని కళ్ళెర్రజేసేవాడు.

ఇంకేం! ఆ ఎండాకాలం కోటంతా మిన్నల్లులు పట్టాయి. అవేనండీ, కుక్కల ఒంటి మీంచి చెంగున ఎగిరొచ్చి మన పిక్కలు కుట్టే నల్లటి పురుగులు. నిండు సభలో రాజుగారు సింహాసనం మీద బరబరా గోక్కుంటుంటే మంత్రులు నవ్వాపుకోలేక నేలచూపులు చూసేవారు.

"ఇదంతా పెరటి పాకల్లో ఉండే పనివాళ్ళ వల్లే!" అని తేల్చేశాడు రాజు. పొద్దున్నే చాటింపు వేయించాడు: "మిన్నల్లులు కాపురమున్న ఇల్లు ఏదైనా సరే, రేపు తగలబెట్టవలెను!" ఆ వంశంలో ఓ ఆచారం ఉంది. డప్పు మోగాక రాజాజ్ఞకి ఇంకో మాట చేర్చొచ్చు గానీ, వెనక్కి తీసుకోకూడదు.

వంటశాలలో అంట్లు తోమే సూరమ్మ గుండెలు బాదుకుంటూ విదూషకుడు వికటయ్య దగ్గరికి పరిగెత్తింది. "నా కొంపకి నిప్పెడతారట నాయనా! ఈ వయసులో నేనెక్కడికి పోను?"

వికటయ్య కొలువులో కొత్తగా చేరినప్పుడు ఆకలి కనిపెట్టి అన్నం పెట్టింది ఆవిడే.

"ఏడుపు తర్వాత, ముందు చీపురు పట్టుకో సూరమ్మత్తా! చాపలూ బొంతలూ ఎండలో వెయ్యి. సలసల కాగే నీళ్ళతో బట్టలు ఉడకేసి, నేల కడిగి, వేపాకు పొగ పెట్టు. వాకిట్లో చెత్త ఊడ్చి పారెయ్యి. మిగతా పాకల్లో వాళ్ళందరిచేతా చేయించు!"

మర్నాడు వికటయ్య సభలో చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, తగలబెట్టే పని నాకు అప్పగించండి. కాకపోతే శత్రువు ఏ ఇంట్లో ఉన్నాడో ముందు తేలాలి. తెల్లపంచె కట్టుకుని ఇల్లంతా ఓ చుట్టు తిరిగితే చాలు. పురుగుంటే ఎగిరి పంచె మీద వాలుతుంది."

"భేష్! నేనూ వస్తా, పద!" అన్నాడు రాజు హుషారుగా.

సూరమ్మ గుమ్మంలో నిలబడింది. వికటయ్య ఆ పాకతో మొదలుపెట్టి వరసగా అన్నీ తిరిగాడు. పంచె మల్లెపువ్వులా ఉంది. రాజు ముఖం మాడిపోయింది.

"ఇక తమ పడకగది చూద్దాం ప్రభూ!"

అక్కడ అడుగుపెట్టి పరుపు చుట్టూ తిరిగాడో లేదో, పంచె నిండా నువ్వులు చల్లినట్టయింది.

"ఒరేయ్, దివిటీ పట్రండి!" అని కేకేశాడు వికటయ్య.

"ఆగాగు! నా అంతఃపురానికే నిప్పెడతావుటయ్యా?"

"నేనెవర్ని మహాప్రభూ! 'ఏదైనా సరే' అని చాటించింది తమరేగా!"

"ఆ చాటింపు వెనక్కి తీసుకుంటున్నా!"

"అయ్యయ్యో! తమ వంశంలో ఆ ఆచారం లేదే!"

రాజుకి ముచ్చెమటలు పట్టాయి. "ఏదో దారి చూపించవయ్యా బాబూ!"

"ఒక్క మాట చేర్చండి చాలు. 'ఇల్లు శుభ్రం చేసుకునేవారి జోలికి ఎవరూ పోరాదు.'"

అప్పటికప్పుడు డప్పు మోగింది. సూరమ్మ గుమ్మంలోనే కూలబడి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ పకపకా నవ్వేసింది.

ఆపైన పరుపులు ఎండకెక్కాయి. మరి కుక్కల్ని ముట్టుకునే మొనగాడెవరు? పాపం, రాజుగారే పంచె ఎగ్గట్టి కుంకుడు పులుసుతో వాటిని రుద్దాల్సొచ్చింది. సూరమ్మ పక్కనే నిలబడి నీళ్ళు పోసింది.

"చెవుల వెనక ఇంకాస్త గట్టిగా రుద్దండి ప్రభూ, అక్కడే దాక్కుంటాయి!"

అంతలో కుక్క ఒళ్ళు విదిలించింది. నెత్తి నుంచి కాళ్ళదాకా తడిసిన రాజుకి నవ్వాగలేదు. "తప్పు నా పరుపు మీద పెట్టుకుని మీ పాకల మీద పడ్డాను సూరమ్మా. మీ ఇళ్ళన్నిటికీ కొత్త కప్పు వేయిస్తాను. ఓయ్ వికటయ్యా, ఇలా రా!" అంటూ దండెం మీదున్న తన జరీశాలువా తీసి అతని భుజాన కప్పబోయాడు.

వికటయ్య రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టాడు.

"మహాప్రసాదం ప్రభూ! కానీ... ఒక్కసారి దులిపి కప్పండి!"