అప్పలనర్సయ్య వేసుకున్న మూడు మాలలు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసే అప్పలనర్సయ్య ప్రాణం పోయినా పరువు పోకూడదనుకునే రకం మనిషి. దిమ్మ బరువులో తేడా వస్తే నలుగురిలో నిలదీసేవాడు. తన ఒంట్లో తేడా వస్తే మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పేవాడు కాదు.

యాభై ఎనిమిదో ఏట అతనికి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. గండం గడిచింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అతన్ని పక్కకు పిలిచాడు.

"మగతనం వెంటనే తిరిగి రాదు. నరాలు తేరుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి రెండేళ్ళు కూడా. మాత్రలు రాశాను, రోజూ చేసే వ్యాయామం చెప్పాను. ఈసారి మీ ఆవిడని కూడా తీసుకురండి," అన్నాడు.

అప్పలనర్సయ్య తలూపాడు. ఇంటికొచ్చి ఆ చీటీనీ మాత్రలనీ ట్రంకుపెట్టె అడుగున దాచేశాడు.

కొన్నాళ్ళకి భార్య నూకరత్నం దగ్గరికి వెళ్ళాడు. వీలుకాలేదు. తలనొప్పని లేచి వచ్చేశాడు. ఆ అవమానం ఇంకోసారి పడలేననుకున్నాడు. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్నాడు. దీక్షలో ఉన్నవాడు వేరే చాప మీద పడుకోవాలి కదా, ఇంక అడిగేదెవరు! పైగా ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని "మాతా" అని పిలవసాగాడు. ఆవిడ తెల్లారకముందే తలస్నానం చేసి, వండి, "స్వామీ, భిక్షకి రండి" అని వడ్డించేది.

ఆ మాల తీసిన వారానికే శివమాల వేశాడు. శివరాత్రి వెళ్ళిందో లేదో హనుమాన్ మాల! మార్కెట్లో జనం "ఏం భక్తి, ఏం భక్తి!" అని దణ్ణాలు పెట్టారు. నూకరత్నం మాత్రం లోలోపల కుమిలిపోయింది.

ఆ మాల కూడా తీసిన రోజున ఆవిడ అడిగింది, "ఇంకేం మాల మిగిలింది?"

"భవానీ మాల ఉంది కదా మాతా."

"చాల్లెండి! నేనంటే మొహం మొత్తితే మొత్తిందని చెప్పండి, మా చెల్లెలింటికి పోతాను. మధ్యలో దేవుళ్ళెందుకు?"

అన్నంత పనీ చేయబోయింది. చీరలు సర్దుకుందామని ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున చీటీ, విప్పని మాత్రల అట్టలు కనిపించాయి. చీటీ రెండుసార్లు చదివేసరికి ఆవిడకి సంగతంతా అర్థమైంది. "లేవండి, విశాఖపట్నం బస్సుకి వేళవుతోంది," అంది.

డాక్టరు అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "నేను ఇద్దరినీ కలిసి రమ్మంటే మీరు దీక్షలు పట్టారా? ఇన్ని నెలలు వృథా! సరే, ఇప్పుడైనా మొదలుపెట్టండి. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాటివ్వలేను."

"అవకపోతే పోయింది డాక్టరుగారూ," అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ. "నేనంటే విరక్తి పుట్టిందేమోనని కదా నా ఏడుపు!"

అప్పలనర్సయ్య తల దించుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు, అదీ డాక్టరు ఎదురుగా.

ఇంటికొచ్చి చాప చుట్టి అటకెక్కించాడు. "నూకరత్నం, మంచినీళ్ళు ఇలా ఇవ్వు, మాత్ర వేసుకోవాలి," అన్నాడు. ఏడు నెలల తరవాత ఆవిడ తన పేరు వింది. వ్యాయామం కూడా ఆవిడే దగ్గరుండి చేయించింది. ఏడాది తిరిగేసరికి కొంత గుణం కనిపించింది. మిగతాదానికి ఇద్దరూ తొందరపడలేదు.

నీతి: ఒంట్లో లోటుని కట్టుకున్నవాళ్ళ దగ్గర దాచకూడదు. లోటు కంటే దాపరికమే కాపురానికి ఎక్కువ చేటు.