చిటికెన వేలి కింద స్ప్రింగు

"మాస్టారూ, స్ప్రింగులు మార్చమని వచ్చినవాడికి స్ప్రింగులు మార్చి పంపక, ముందు వాడి చెయ్యి పట్టుకు కూచుంటారేమిటండీ?" అని సువార్త అడిగిన మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. గడిచిన యాభై ఏళ్ళలో నేను లేనిచోట కాకినాడలో చెప్పుకోదగ్గ విషయమేదీ జరగలేదు లెండి.

గవర్రాజు మాస్టారిని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. జగన్నాథపురం వంతెన దిగగానే ఒక మేడమీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూటు ముప్పై రెండేళ్ళు నడిచింది. జిల్లాలో సగంమంది గుమాస్తాల వేళ్ళకు నడక నేర్పింది ఆయనే. నా వేళ్ళకూ ఆయనే నేర్పారు. కాకపోతే నావి మొదటి వారంలోనే పరుగెత్తాయి. డెబ్బై ఎనిమిదిలో నేను హయ్యర్ పరీక్షకు కూచున్నప్పుడు నా వేగానికి మిషను వేడెక్కి కాగితం అంచు కమిలింది. పరీక్ష పెట్టే ఆయన హడలిపోయి కూజాతో నీళ్ళు తెచ్చాడు. మిషను సర్కారుది కదా అని, ఆ నీళ్ళు నా మీద పోశాడు.

టైపు మిషన్లు తుక్కు కింద పోయాక మాస్టారు కంప్యూటరు కీబోర్డులు బాగుచెయ్యడం పట్టుకున్నారు. మెకానికల్ కీబోర్డని ఒక రకం ఉంది. అందులో ఒక్కో మీట కింద ఒక్కో చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని స్విచ్చి అంటారు. ఆ డబ్బాలో బాల్‌పెన్నులో ఉండేలాంటి స్ప్రింగు, దానికంటే సన్నం. మీట ఎంత బరువుకి దిగాలో చెప్పేది ఆ స్ప్రింగే. గట్టిగా కావాలన్నవాడికి గట్టిది, మెత్తగా కావాలన్నవాడికి మెత్తది వెయ్యాలి. నూటనాలుగు డబ్బాలూ విప్పి, చిన్న పట్టకారుతో పాతది తీసి, కొత్తది నిలబెట్టి, మళ్ళీ మూత నొక్కాలి. తుమ్మితే రోజు పని ఎగిరిపోతుంది. సువార్త మూడేళ్ళుగా ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకుంటోంది. ముప్పై దాటిన మనిషి. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు.

ఆ రోజు ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి కీబోర్డు తెచ్చి, మెత్తటి స్ప్రింగులు వెయ్యమన్నాడు. మాస్టారు అలవాటు ప్రకారం తన రెండు వేళ్ళు చాచి, "గట్టిగా పిసుకు నాయనా. ఆఁ, ఇప్పుడు ఎడంచేత్తో" అన్నారు.

"జాతకం కూడా చెబుతారా సార్? పెళ్ళెప్పుడవుతుందో కాస్త చూడండి మరి" అన్నాడతను.

"మీటలు బరువనిపించడం ఎప్పటినించి?"

"బరువేం లేదండీ. మెత్తగా ఉంటే నాకు సరదా. చేస్తారా, చెయ్యరా?"

మాస్టారు ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేసరికి అతను కీబోర్డు సంచిలో దోపుకుని మెట్లు దిగిపోయాడు. అప్పుడడిగింది సువార్త, ఆ మాట. అడిగి ఊరుకోలేదు. "ఈ నెల్లో ఇలా దిగిపోయినవాడు ఇతను మూడోవాడండి. మనం మెకానిక్కులమా, వైద్యులమా?" అంది.

మాస్టారు పట్టకారు బల్లమీద పెట్టి, "సోమయాజులూ, ముత్యాలు సంగతి అమ్మాయికి తెలియదు కదూ?" అన్నారు నాతో.

"తెలియదు. మీరే చెప్పండి" అన్నాను. కథ చెప్పమని నేను ఇంకొకరికి అప్పగించడం జన్మలో అదొక్కసారే. ఆయన చెప్పింది క్లుప్తం. దానికి నేను కళ్ళారా చూసింది కలిపి రాస్తున్నాను.

మాస్టారి శిష్యుల్లో మొదటివాడు కడియాల ముత్యాలు. నా సంగతి మీకు తెలిసిందే. బొంబాయి నించి బరంపురం దాకా టైపులో నన్ను కొట్టినవాడు లేడు, ముత్యాలు ఒక్కడు తప్ప. అతను కోర్టులో టైపిస్టు. సాక్షి మాట పూర్తిచేసి నోరు మూసేలోపల ఆ వాక్యం పడి ఉండేది. ఇందులో అతిశయోక్తి లేదు. నా దగ్గరున్న అతిశయోక్తులు నాకే చాలవు, ఇంకొకరికెక్కడ ఖర్చుపెట్టను? మాస్టారు కొత్తగా చేరినవాళ్ళకు అతని చేతులు చూపించి, "మిషను తప్పు చెయ్యచ్చు గానీ ముత్యాలు వేలు తప్పు చెయ్యదర్రా" అనేవారు. ముత్యాలు సిగ్గుపడి చేతులు వీపు వెనక దాచుకునేవాడు.

అతని కీబోర్డు మాస్టారే స్వయంగా కూర్చి ఇచ్చారు, ఒక్కో మీటకీ అరవై రెండు గ్రాముల బరువు పెట్టి. ఒక వేసవిలో ముత్యాలు దాన్ని చంకన పెట్టుకుని, పెసర పునుకుల పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు.

"మాస్టారూ, ఎడంపక్క చివర నాలుగు మీటలు గట్టిపడ్డాయండి. చిటికెన వేలికి లొంగట్లేదు" అన్నాడు.

స్ప్రింగు వాడగా వాడగా అలుస్తుంది, సడలుతుంది. గట్టిపడడం దాని జాతిలోనే లేదు. ఆ సంగతి మాస్టారికి తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన ఆ నాలుగు డబ్బాలూ విప్పి, దుమ్ము పట్టిందన్నారు. తుడిచి, నూనె చుక్క వేశారు. ముత్యాలు నొక్కి చూసి, మొహమాటపడుతూ, "ఇంకా కొంచెం ఉందండి" అన్నాడు. నాలుగింటికీ యాభై అయిదు గ్రాములవి వేసిచ్చారు. "ఆహా, ఇప్పుడు వెన్నలా దిగుతున్నాయండి" అన్నాడు. ముగ్గురం సంతోషంగా పునుకులు తిన్నాం.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎనిమిది మీటలు. నలభై అయిదు గ్రాములవి పడ్డాయి. ఆ తరవాత ఎడంపక్కంతా బరువెక్కిందన్నాడు. ముప్పై అయిదు వేశారు. మా బజారుకి వచ్చేవాటిలో అంతకంటే మెత్తటిది లేదు. "ఈ సరుకే ఇంతనోయ్, నిలకడ లేదు" అన్నాను నేను, అన్నీ తెలిసినవాణ్ణి గనక. "కాదు, ఇది సముద్రపు గాలి చేసే పని" అన్నారు మాస్టారు. ముత్యాలు ఇద్దరి మాటా ఒప్పుకున్నాడు. ఆ రోజు అతని చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టి ఉన్నాయి. "ఏమయ్యా, ఈ వయసులో అంత తొందరగా ఎవరింట్లోంచి వస్తున్నావు?" అన్నాను. దానికీ ముగ్గురం నవ్వాం.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒక శనివారం పొద్దున్న వచ్చి, కూచోకుండానే అందుకున్నాడు. "మళ్ళీ బరువెక్కాయండి. సోమవారం పెద్ద కేసు ఉంది. ఈ వారంలో జడ్జిగారు రెండుసార్లు సాక్షిని ఆపి నా వంక చూశారండి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకోసం కోర్టు ఆగడం ఎప్పుడూ లేదు. ఇంకోసారి ఆగితే నన్నక్కడ కూచోనివ్వరండి."

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. తరవాత ముప్పై అయిదు గ్రాముల స్ప్రింగులు పన్నెండు తీసుకుని, ఇంకా మెత్తబడాలని సన్న కత్తెరతో ఒక్కోదానికి ఒక చుట్టు కత్తిరించేశారు. స్ప్రింగు కత్తిరించడమనేది ఆ పనిలో ఎవరూ చెయ్యరు. ఇంకెవరైనా చేస్తే ఆయనే చీవాట్లు పెట్టేవారు. ముత్యాలు కోసం చేశారు. అన్నీ బిగించి, కీబోర్డు కంప్యూటరుకి తగిలించి, "వేళ్ళు పెట్టవోయ్" అన్నారు.

ముత్యాలు కుర్చీలో నిటారుగా కూచున్నాడు. పది వేళ్ళూ వాటి వాటి చోట్ల ఉంచాడు, పదిహేడో ఏట మాస్టారు నేర్పిన తీరులోనే. వెంటనే తెరమీద ఇంగ్లీషు మొదటి అక్షరం పరుగు మొదలుపెట్టింది. ఒక వరుస నిండింది, పది వరుసలు నిండాయి, పేజీ దాటిపోయింది. అంతటా అదే అక్షరం.

"ఏమయ్యా, మీ సాక్షి నోరు తెరిచి మూయడం మరిచిపోయాడా?" అని నేను పగలబడి నవ్వాను. నా నవ్వు వంతెన అవతలికి వినపడుతుందని పేరు.

ముత్యాలు కూడా నవ్వాడు. "మిషనుకి పిచ్చెక్కిందండి. నేనింకా నొక్కనేలేదు మాస్టారూ."

మాస్టారు తెర వంక చూడలేదు. అతని చేతి వంక చూశారు. ఎడమ చిటికెన వేలు మీటమీద వాలిపోయి, దాన్ని అడుగంటా దించేసి ఉంది.

"వేలు తియ్యి, ముత్యాలూ" అన్నారు.

"తీసే ఉందండి" అన్నాడు ముత్యాలు, తెరమీద అక్షరాలనే చూస్తూ.

అంత నవ్వూ నా నోట్లోనే చచ్చిపోయింది. మాస్టారు వంగి, ఆ వేలిని తన రెండు వేళ్ళతో పట్టి పైకెత్తారు. తెరమీద పరుగు ఆగింది. ముత్యాలు అప్పుడు తల దించి చూశాడు. ఎవరిదో పరాయి వేలు ఆయన చేతిలో ఉన్నట్టు చూశాడు.

మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళాం. మెడలో పూస జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ అయింది. జబ్బు అక్కడితో ఆగింది గానీ, అప్పటికే పోయినది తిరిగి రాలేదు. కుడిచెయ్యి కొంత మిగిలింది. ఎడమది ఒళ్ళో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. డాక్టరు గారు మమ్మల్ని ఇద్దర్నీ పక్కకి పిలిచారు. "చిటికెన వేలు బలం తగ్గిందని అనిపించిన రోజునే తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదండి. పొద్దస్తమానం వేళ్ళతోనే పనిచేసే మనిషికి ఏడాదిన్నర పాటు ఎలా తెలియలేదు?" అని అడిగారు.

ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి నేను. గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. మాస్టారు "ఏమోనండి" అన్నారు. ఆయన నోటివెంట నేను విన్న అబద్ధం అదొక్కటే.

ఇంతవరకూ నాకు తెలుసు. ఆ తరవాతది ఆయన నాతో కూడా ఎప్పుడూ అనలేదు. సువార్త పక్కన కూచుని నేనూ మొదటిసారి విన్నాను.

"ఆస్పత్రి నించి వచ్చిన నెలకి ముత్యాలు ఇక్కడికి వచ్చాడమ్మా" అన్నారు మాస్టారు. "భార్య కీబోర్డు మోసుకొచ్చింది. ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమన్నాడు. పోయిన ఉద్యోగం గురించి ఒక్క మాటైనా అనలేదు. 'మీ దయవల్ల ఏడాదిన్నర నా వేళ్ళు కష్టమన్నది ఎరగలేదు మాస్టారూ. ఏ గురువు చేస్తాడండి శిష్యుడికి ఇంత?' అన్నాడు. దణ్ణం పెట్టబోయాడు. కుడిచెయ్యి లేచింది, ఎడమది లేవలేదు. అప్పుడా కుడిచేత్తోనే ఎడమదాన్ని ఒళ్ళోంచి తీసుకుని, గుండెల దాకా ఎత్తుకుని, రెంటినీ కలిపాడు."

సువార్త పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టరు గారన్నది ఆయనకి చెప్పలేదా మీరు?" అంది.

"ఆ రెండు చేతులూ కలవడానికి చాలాసేపు పట్టిందమ్మా. అంతసేపూ చెబుదామనే చూశాను."

కింద రోడ్డుమీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మీ తప్పేముందండి ఇందులో?" అంది సువార్త చివరికి, బతిమాలుతున్నట్టు. "మీరిచ్చింది ఆయన అడిగిందే కదండీ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"అవునమ్మా. అడిగినప్పుడల్లా ఇచ్చాను."