బయలుదేరిన ట్యాంకరు

గుండ్లవారిపల్లెలో జిరాక్సు అంగడి నడిపే చెన్నకేశవులుకు, సులువుగా చేసిన పనిని కూడా చెమటోడ్చి చేసినట్టు చెప్పుకునే జబ్బు ఉండేది. ఆ ఊళ్లో ఎవరి జబ్బులు వాళ్లకున్నాయి. సర్పంచి రోశయ్య మైకు పట్టుకుంటే వదిలేవాడు కాదు. నీళ్ల ట్యాంకరు నడిపే మస్తాన్ ఓ కునుకు తీస్తే గాని తాళం తిప్పేవాడు కాదు. అయినా వాళ్ల వల్ల ఏ పెళ్లింటి పరువూ పోలేదు.

ఎండాకాలం బోర్లు ఎండిపోతే అందరూ మస్తాన్‌కు ఫోన్ చేసేవారు. అతను ఎత్తితే ఎత్తేవాడు. "ఫోన్లో మీట నొక్కితే ట్యాంకరు వచ్చేటట్టు చెయ్యగలవా?" అని సర్పంచి చెన్నకేశవులును అడిగాడు.

కోడ్ ఒక్క ముక్క రాయకుండా వెబ్ పేజీలు తయారుచేసే సాధనం ఒకటి చెన్నకేశవులుకు దొరికింది. తెర మీద ఉన్న గళ్లను, మీటలను వేలితో లాగి కావలసిన చోట పెట్టడమే పని. టీ చల్లారేలోపు పేజీ తయారైంది. "నీళ్లు కావాలి" అన్న మీట నొక్కితే, "మీ ట్యాంకరు బయలుదేరింది" అని పచ్చటి అక్షరాలు వచ్చేవి.

పంచాయతీ ఆఫీసులో మాత్రం అతను కళ్లు నులుముకుంటూ, "ప్రతి అక్షరం నేనే రాశాను. కంటి మీద కునుకు లేదు" అన్నాడు. ఆ మాట విని అతని భార్య, మరి ఇంట్లో గురక పెట్టింది ఎవరా అని ఆలోచనలో పడింది.

"నేనూ మా బడికి లాగి పెట్టే పద్ధతిలోనే ఒక పేజీ చేశాను తమ్ముడూ. నీదీ అట్లాంటిదేనా?" అని అడిగింది పంతులమ్మ స్వరూపరాణి.

"అది పిల్లలాట అక్కా. నాది రాసిన కోడు."

"అట్లాగా" అని ఆమె ఊరుకుంది.

ఆ సాయంత్రం అతను కునుకు తీస్తున్న మస్తాన్ పక్కన కూర్చుని మీట నొక్కి చూశాడు. పచ్చ అక్షరాలు వచ్చాయి. మస్తాన్ ఫోన్ మాత్రం మోగలేదు. స్వరూపరాణిని అడిగితే చెప్పేదే. కానీ పొద్దున అంత మాట అని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగడం? సిగ్నల్ లేదేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు సర్పంచి, ఇకమీదట నీళ్లకు మీట నొక్కాలే గాని మస్తాన్‌కు ఎవరూ ఫోన్ చెయ్యొద్దని మైకులో గంటసేపు చెప్పాడు.

ఆ వారమే ఓబులమ్మ కూతురి పెళ్లి. ఓబులమ్మ తెల్లవారుతూనే మీట నొక్కింది. పచ్చ అక్షరాలు చూసి, ఇంట్లో ఉన్న నీళ్లన్నీ వంటకు ఇచ్చేసింది. ట్యాంకరు రాలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ బయలుదేరింది.

"ఎన్నిసార్లు బయల్దేరుతుందమ్మా ఈ ట్యాంకరు?" అన్నాడు వంటాయన.

పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాడు. అల్లుడి కాళ్లు కడగడానికి ఓబులమ్మ భర్త పళ్లెం పెట్టాడు. ఓబులమ్మ చేతిలో చెంబు ఖాళీగా ఉంది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గొణిగాడు.

"నీళ్లు కూడా లేని ఇంటితో వియ్యమందామా?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ, పందిరంతా వినబడేలా.

ట్యాంకరు నీడలో పడుకున్న మస్తాన్‌ను ఎవరో లేపుకొచ్చారు. "నాకెవరు చెప్పారు? ఫోన్ చెయ్యొద్దన్నారు గదా!" అన్నాడతను.

అందరూ చెన్నకేశవులు వైపు తిరిగారు. "మీట నొక్కితే కబురు ఎక్కడికి పోయేటట్టు పెట్టావు తమ్ముడూ?" అని స్వరూపరాణి మెల్లగా అడిగింది.

మీట పెట్టాడు, అక్షరాలు పెట్టాడు. కబురును మస్తాన్‌కు చేరవేసే ఏర్పాటు కూడా పెట్టాలని అతనికి తెలియనే తెలియదు.

"ఏదీ, నీ కోడు చూపించు" అన్నాడు సర్పంచి.

"కోడు లేదు మామా. నేనేమీ రాయలేదు. లాగి పెట్టానంతే."

అందరూ తిడతారనుకున్నాడు. ఓబులమ్మ ఖాళీ చెంబు పట్టుకునే, "ఆ మాటేదో ముందే చెప్పుంటే ఒక ఫోన్ చేసుకునేదాన్ని గదా నాయనా" అంది. అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది అతనికి.

ట్యాంకరు నింపి తెచ్చేసరికి ముహూర్తం దాటిపోతుందని, చివరికి కిరాణా అంగడి నుంచి నీళ్ల సీసాలు తెప్పించి అల్లుడి కాళ్లు కడిగారు. సీసాల మూతలు తిప్పి ఇచ్చే పని చెన్నకేశవులుకే పడింది. మగపెళ్లివారు నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెన్నకేశవులు తల ఎత్తకుండా మూతలు తిప్పుతూనే ఉన్నాడు.

మర్నాడు అతను బడికి వెళ్లి, "నాకు తెలియదక్కా, నేర్పించు" అన్నాడు. ఆ మాట అనడానికి పట్టింది ఒక్క క్షణమే.

పిల్లలూ, పనిని సులువుగా చేయడంలో తప్పు లేదు; కానీ చేయనిదాన్ని చేశానని గొప్పలు పోయినవాడికి, అవసరం పడ్డప్పుడు సాయం అడగడానికి నోరు రాదు.