వయసుది ఏ జట్టు?

ఒక రాజ్యంలో ఆడవాళ్ళు చెడుగుడు ఆడేవారు. ఊపిరి తెగకుండా కూత పెడుతూ అవతలి బరిలోకి వెళ్ళి, ఒకరిని తాకి రావాలి. కూత తెగినా, పట్టుబడినా, కూతకొచ్చినవాళ్ళు తాకినా చచ్చినట్టే. గీత బయట కూర్చోవాలి. తన జట్టువాళ్ళు అవతలివాళ్ళను తాకితే, చచ్చినవాళ్ళలో ఒకరు బతికి లోపలికొస్తారు.

అందరికంటే పొడుగు కూత ఒకామెది. కూతలమ్మ అనేవారు. బిడ్డల్ని కన్నాక కూడా ఆ కూత సన్నబడలేదు. ఈమధ్య మోకాలు పట్టేస్తోంది, నిజమే. పరుగు తగ్గింది. తగ్గిన మేరకు ఎదుటివాళ్ళ కళ్ళు చదవడం నేర్చుకుంది. ఈ ఏడూ పండగ ఆట ఆడి తీరాలని, కాలికి ఆముదం పట్టించి మరీ వచ్చింది.

ఆట మొదలవబోతుంటే రాజు బరి పక్కన వేసిన సింహాసనం మీద నుంచే సైగ చేశాడు. భటులు ఆమెకు శాలువా కప్పారు. చప్పట్లు.

"చాలా ఆడావమ్మా. ఇక హాయిగా కూర్చో," అన్నాడు రాజు.

"నన్నెవరు తాకారు దొరా?"

"ఎవరూ తాకలేదు. వయసు తాకింది."

"వయసా? దానిది ఏ జట్టు?"

జనం గొల్లుమన్నారు. రాజు నవ్వలేదు. భటులు ఆమెను రెక్క పట్టుకుని గీత బయట కూర్చోబెట్టారు.

అక్కడ అప్పటికే ఒక వరస ఉంది. మండుటెండలో అందరి మీదా శాలువాలే. వాళ్ళలో ఏ ఒక్కరికీ కూత తెగలేదు, ఏ ఒక్కరూ పట్టుబడలేదు.

"నువ్వూ వచ్చావా వదినా?" అంది ఒకామె, జరిగి చోటిస్తూ. "కప్పుకునే ఉండు. తీస్తే మర్యాద కాదట."

"ఏం మర్యాదే ఇది? శవానికి కప్పినట్టు కప్పి!"

ఇంతలో ఆమె జట్టు పిల్ల అవతలివాళ్ళలో ఒకరిని తాకొచ్చింది. కూతలమ్మ లేచి నిలబడింది.

"మాలో ఒకరం బతికాం."

"కూర్చో!" రాజు కసిరాడు. "మీరు చచ్చినవాళ్ళు కాదు, సన్మానం పొందినవాళ్ళు."

"చావలేదా? మరి బయటెందుకున్నాం?"

రాజు చెమట పట్టిన మీసం దువ్వుకున్నాడు. వేళ్ళకు నల్లరంగు అంటింది.

కూతలమ్మ శాలువా తీసి నేలకు కొట్టింది. గుండెల నిండా గాలి పీల్చుకుని కూత ఎత్తుకుంది. అవతలి జట్టు చేతులు చాచి కాచుకుంది. ఆమె అటు పోలేదు. కుంటుతూ, ఊపిరి తెగకుండా, సింహాసనం మెట్లకేసి నడిచింది.

రాజు కాళ్ళు పైకి లాక్కున్నాడు.